పొగ వాళ్లది, పూడ్చే నేల మనదా?

ఫిబ్రవరి 1న కేంద్ర బడ్జెట్ వచ్చినప్పుడు మనం చూసుకునేవి మనం చూసుకున్నాం. మద్దతు ధరకు చట్టం ఊసు ఉందా, ఎరువుల సబ్సిడీ ఎంత, పీఎం కిసాన్ ఆరు వేలు పెరిగాయా. అదే బడ్జెట్‌లో మనలో చాలామంది చదవని పద్దు ఒకటి ఉంది. కరెంటు, ఉక్కు, సిమెంటు, చమురు శుద్ధి, రసాయనాలు అనే అయిదు రంగాల ఫ్యాక్టరీల పొగ నుంచి బొగ్గుపులుసు వాయువును పట్టి, వాడుకోవడానికో భూమిలో దాచడానికో అయిదేళ్లలో 20 వేల కోట్ల రూపాయలు పెడతామన్నారు. దీన్ని సీసీయూఎస్ అంటున్నారు.

సంఘం మీటింగులో ఈ మాట ఎత్తితే ఒక తమ్ముడు అడిగాడు. "అన్నా, ఫ్యాక్టరీ పొగతో మనకేం పని? యూరియా గురించి మాట్లాడు" అని. యూరియా గురించి కూడా మాట్లాడతాను. ఈ పొగకూ యూరియాకూ సంబంధం ఉంది. మన పొలానికీ సంబంధం ఉంది. పొగ ఎవరిదైనా, దాన్ని దాచడానికి చివరికి నేల కావాలి. నేల ఎవరి దగ్గర ఉంది?

మొదటే ఒక మాట చెప్పి ముందుకు పోతాను. గాల్లో పేరుకున్న బొగ్గుపులుసు వాయువును తగ్గించాలన్నదానికి నేను వ్యతిరేకిని కాను. వానలు ఎట్ల మారాయో మనకంటే ఎక్కువ ఎవరికి తెలుసు? విత్తనం వేసేటప్పుడు చినుకు ఉండదు, వడ్లు కల్లంలో ఉన్నప్పుడు కుండపోత. పొగ తగ్గించినా సరిపోదు, గాల్లో ఉన్నదాన్ని కొంత వెనక్కి తీయక తప్పదని ప్రపంచ శాస్త్రవేత్తల సంఘం ఐపీసీసీ కూడా చెప్పింది. నా ప్రశ్న అది కాదు. ఖర్చు ఎవరిది, నేల ఎవరిది, ముప్పు ఎవరిది, లాభం ఎవరిది అన్నదే.

జీడిమెట్ల నేర్పిన పాఠం

మా వైపు వాళ్లకు ఈ కథ కొత్త కాదు. సుమారు యాభై ఏళ్ల కింద జీడిమెట్లలో పారిశ్రామిక వాడ వచ్చింది. ఉద్యోగాలు వచ్చాయి, కాదనను. మా ఊళ్ల పిల్లలు కూడా చేరారు. దాని వెంటే వాసన వచ్చింది. బావుల్లో నీళ్ల రంగు మారింది. అప్పట్లో మాకు చెప్పిన పరిష్కారం ఏంటంటే ఉమ్మడి శుద్ధి కేంద్రం. ఒక్కో ఫ్యాక్టరీ విడిగా శుద్ధి చేసుకునే స్థోమత లేదు కాబట్టి అందరి మురుగు ట్యాంకర్లలో ఒక చోటికి తెచ్చి శుభ్రం చేస్తామన్నారు. 1989లో జీడిమెట్లలో మొదలైన ఆ కేంద్రం దేశంలో ఇలాంటి తొలి కేంద్రాల్లో ఒకటి.

శుద్ధి కేంద్రం వద్దని ఎవరూ అనరు. అయితే శుద్ధి చేసిన నీళ్లు ఎక్కడికి పోయాయి? నగరం మురుగు కాలువల్లో కలిసి అంబర్‌పేటకు. పటాన్‌చెరు వైపు నక్కవాగు కింద రైతులు పొలాలు పోగొట్టుకుని 1990లో సుప్రీంకోర్టు దాకా పోతే, తర్వాత్తర్వాత అక్కడి నీళ్లకూ 18 కిలోమీటర్ల గొట్టం వేసి అంబర్‌పేటకే పంపారు. అంబర్‌పేట నుంచి మూసీ. మూసీ కింద ఎవరున్నారు? మళ్లీ రైతులే. గడ్డి, వరి పెంచుకునే వాళ్లు. ఒక ఊరి మురుగు ఇంకో ఊరికి పోయింది. ఫ్యాక్టరీకి మాత్రం "శుద్ధికి పంపుతున్నాం" అనే కాగితం మిగిలింది.

నేను నేర్చుకున్నది ఇంతే. పుట్టిన చోట తగ్గించకుండా, పోగు చేసి ఇంకో చోటికి పంపే పద్ధతి ఏదైనా చివరికి పల్లపు ఊరి మీదే పడుతుంది. ఇప్పుడు నీళ్లకు బదులు పొగ. రేపు పొగకూ గొట్టాలు వేస్తామంటున్నారు.

ఇంకొకటి. జీడిమెట్లతో పాటు ఔటర్ రింగ్ రోడ్డు లోపలి పారిశ్రామిక వాడల్లో 9,292 ఎకరాలను ఇళ్లకు, ఆఫీసులకు, దుకాణాలకు మార్చుకునే విధానం రాష్ట్ర సర్కారు 2025 నవంబరులో తెచ్చింది. ఫ్యాక్టరీలు రింగు రోడ్డు అవతలికి పోతాయి. అవతల ఉన్నది మన చెలకలే. కాబట్టి పొగ గురించి మాట్లాడే హక్కు మనకు ముందే వచ్చేసింది.

పట్టుకోవడం వేరు, తీసెయ్యడం వేరు

ఈ విషయంలో మాటల గారడీ ఎక్కువ. మూడు పనులను ఒకే పేరుతో పిలుస్తున్నారు. విడదీసి చూద్దాం.

మొదటిది, పొగ గొట్టం దగ్గర పట్టి లోతున దాచడం. ఇది గాల్లోకి కొత్తగా పోయేదాన్ని ఆపుతుంది. ఇప్పటికే గాల్లో ఉన్నదాన్ని తీయదు.

రెండోది, పట్టినదాన్ని వాడుకోవడం. ఇక్కడే యూరియా వస్తుంది. యూరియా తయారీకి అమ్మోనియాతో పాటు బొగ్గుపులుసు వాయువు కావాలి. టన్ను యూరియాలో సుమారు 730 కిలోల బొగ్గుపులుసు వాయువు ఉంటుంది. రామగుండం ఫ్యాక్టరీలోనూ ఇదే పద్ధతి. ఆ బస్తా కోసం నిరుడు వానాకాలంలో మనం సొసైటీల ముందు చెప్పులు వరుసలో పెట్టి నిలబడ్డాం. తెచ్చి చల్లాం. చల్లిన కొద్ది రోజులకే మట్టిలో అది కరిగి నత్రజని పైరుకు పోతుంది, బొగ్గుపులుసు వాయువు తిరిగి గాల్లోకి పోతుంది. అంటే పట్టిన గాలి వారాల్లో విడుదలైంది. మిథనాల్ చేసి కాల్చినా అంతే. సోడాలో కలిపి తాగినా అంతే. దీన్ని వాడకం అనొచ్చు, తీసెయ్యడం అనకూడదు. వీటికి సర్కారు సొమ్ము ఇచ్చి "కార్బన్ తొలగించాం" అని లెక్క రాస్తే అది దొంగ లెక్క.

మూడోది, గాల్లో ఉన్నదాన్ని వెనక్కి లాగి వందల వేల ఏళ్లు బయటికి రాకుండా దాచడం. అసలు తొలగింపు ఇదే. ఐస్‌లాండ్‌లో పెద్ద ఫ్యాన్లు పెట్టి గాలి నుంచి లాగి, నీళ్లలో కలిపి నల్లరాతి పొరల్లోకి పంపుతున్నారు. 2024లో మొదలైన పెద్ద ప్లాంటు సామర్థ్యం కూడా ఏడాదికి 36 వేల టన్నులే. ఖర్చు భారీగా ఉంది, కరెంటు చాలా కావాలి.

లెక్క ఎంత దూరంలో ఉంది

మన దేశంలో ఎన్టీపీసీ మధ్యప్రదేశ్‌లోని వింధ్యాచల్ కేంద్రంలో రోజుకు 20 టన్నులు పట్టే ప్లాంటు పెట్టింది. మంచి ప్రయత్నమే. కానీ 500 మెగావాట్ల బొగ్గు యూనిట్ ఒకటి నిండుగా నడిస్తే ఆ 20 టన్నులు రెండు మూడు నిమిషాల్లో వదులుతుంది. మిగతా రోజంతా వదిలింది వదిలినట్టే.

2050 నాటికి ఏడాదికి 75 కోట్ల టన్నులు పట్టవచ్చని నీతి ఆయోగ్ 2022 నివేదికలో లెక్క వేసింది. వింధ్యాచల్ లాంటివి లక్ష కావాలి. పట్టే యంత్రాలకు ఆవిరి, కరెంటు, నీళ్లు కావాలి. అదే కరెంటు బయటికి రావాలంటే ఇంకా బొగ్గు కాల్చాలి, ఇంకా నీళ్లు తోడాలి. ఆ నీళ్లు ఏ రిజర్వాయర్ నుంచి? ఎండాకాలంలో తాగునీటికి, పరిశ్రమకు పోను మిగిలిందే కదా మన ఆయకట్టుకు వచ్చేది!

ఇంకో తిరకాసు. 2023లో కేంద్రం కార్బన్ క్రెడిట్ల వ్యాపార పథకం నోటిఫై చేసింది. 2025 అక్టోబరులో సిమెంటు, అల్యూమినియం, క్లోర్ ఆల్కలీ, కాగితం రంగాల్లో 282 యూనిట్లకు లక్ష్యాలు పెట్టింది. ఆ లక్ష్యం మొత్తం పొగ మీద కాదు, టన్ను సరుకుకు ఎంత పొగ అన్నదాని మీద. మన భాషలో చెప్పాలంటే, ఎకరాకు మందు బస్తా నుంచి ముప్పావు బస్తాకు తగ్గించావు, సాగు మాత్రం పది ఎకరాల నుంచి ఇరవైకి పెంచావు. మొత్తం మందు తగ్గిందా పెరిగిందా? పైగా లక్ష్యం అందుకోలేనివాడు ఇంకొకరి దగ్గర క్రెడిట్లు కొనుక్కోవచ్చు. ఇలాంటి లెక్కల్లో తొలగింపు క్రెడిట్లు కూడా కలిస్తే పొగ తగ్గించే అవసరమే తగ్గిపోతుంది.

గొట్టం ఎవరి పొలంలోంచి?

పట్టిన వాయువును దాచే చోటికి చేర్చాలంటే గొట్టాలు వేయాలి. గ్యాస్ గొట్టాలకు మన దేశంలో 1962 చట్టం ఉంది. భూమి నీ పేరు మీదే ఉంటుంది, వాడుకునే హక్కు వాళ్లు తీసుకుంటారు. ఆ పట్టీలో ఇల్లు కట్టొద్దు, బావి తవ్వొద్దు, చెట్టు పెట్టొద్దు. పంట నష్టం కాక, ఆ హక్కుకు ఇచ్చేది భూమి విలువలో పది శాతం. మేడ్చల్, శామీర్‌పేట వైపు బావి తవ్వొద్దు, చెట్టు పెట్టొద్దు అన్న భూమిని పది శాతానికి ఎవరైనా కొంటారా? ఆ చట్టం చమురుకు, ఖనిజాలకు. రేపు బొగ్గుపులుసు వాయువుకూ అలాంటిదే తెస్తే మనం ఇప్పుడే మాట్లాడాలి, గుర్తు రాళ్లు పాతాక కాదు.

అమెరికాలో ఇది జరుగుతోంది. అక్కడి సర్కారు 2022 చట్టంతో భూమిలో దాచిన ప్రతి టన్నుకు 85 డాలర్లు, గాలి నుంచి నేరుగా తీసి దాస్తే 180 డాలర్ల దాకా పన్ను రాయితీ ఇచ్చింది. రాయితీ కనబడగానే మొక్కజొన్న నుంచి ఇథనాల్ తీసే ఫ్యాక్టరీల పొగను అయిదు రాష్ట్రాల మీదుగా తీసుకుపోయే గొట్టం ప్లాను వచ్చింది. రైతులు ఊరూరా కూడారు. పార్టీలు పక్కన పెట్టారు. 2025 మార్చిలో సౌత్ డకోటా రాష్ట్రం కార్బన్ గొట్టాల కోసం రైతు భూమిని బలవంతంగా తీసుకోవద్దని చట్టమే చేసింది. ట్రాక్టర్ల దేశపు రైతు గెలిచాడంటే మనమూ గెలవొచ్చు.

వాళ్ల భయం ఊరికే రాలేదు. 2020 ఫిబ్రవరిలో మిసిసిపీ రాష్ట్రంలో సటార్షియా అనే చిన్న ఊరి దగ్గర ఇలాంటి గొట్టం పగిలింది. ఆ వాయువు గాలి కంటే బరువు. పైకి పోదు, పల్లంలోకి పారుతుంది. మనుషులు ఊపిరి ఆడక పడిపోయారు, కార్ల ఇంజన్లు ఆగిపోయాయి. 45 మంది ఆస్పత్రిలో చేరారు, సుమారు 200 మందిని ఊరు ఖాళీ చేయించారు. అదే ఏడాది మేలో విశాఖ ఆర్ఆర్ వెంకటాపురంలో తెల్లవారుజామున గ్యాస్ లీకయితే ఏం జరిగిందో మనం టీవీల్లో చూశాం. అది వేరే వాయువు. పడుకున్న ఊరి మీదికి ఏ వాయువు వచ్చినా చెప్పి రాదు.

మన పొలమే గోదాం అయితే

ఫ్యాన్లు, గొట్టాలు ఖర్చయ్యేకొద్దీ కంపెనీల చూపు పొలాల మీద పడింది. రెండు పద్ధతులు మన ఊళ్లకు రావడానికి సిద్ధంగా ఉన్నాయి.

ఒకటి రాతి పొడి. నల్లరాయిని పిండి చేసి పొలంలో చల్లితే, వాన నీటిలో కరిగిన బొగ్గుపులుసు వాయువు ఆ రాతిలోని కాల్షియం, మెగ్నీషియంతో కలిసి నీళ్లతో నదికి, సముద్రానికి పోయి వేల ఏళ్లు ఉండిపోతుంది. వేడి, తడి రెండూ ఉండే వరి పొలాలు దీనికి అనుకూలం. ఛత్తీస్‌గఢ్ చిన్న రైతుల పొలాల్లో ఈ పని చేస్తున్న మాటీ కార్బన్ సంస్థకు 2025 ఏప్రిల్‌లో 5 కోట్ల డాలర్ల ఎక్స్‌ప్రైజ్ వచ్చింది. పొడి రైతుకు ఉచితం. అమెరికాలో ఈ పద్ధతి క్రెడిట్లను కొందరు పెద్ద కొనుగోలుదారులు టన్నుకు సుమారు 370 డాలర్ల లెక్కన, అంటే ముప్పై వేల రూపాయలకు పైగా ఇచ్చి, ఒప్పందం చేసుకున్నారు.

ఇది మంచిదే కావొచ్చు. నల్లరాయి నుంచే నల్లరేగడి పుట్టింది. కానీ రాయి అంటే ఏ రాయైనా కాదు. వికారాబాద్, జహీరాబాద్, ఆదిలాబాద్ వైపు ఉన్నది ఆ నల్లరాయి. మా మేడ్చల్, శామీర్‌పేట గుట్టలు గ్రానైట్. గ్రానైట్ అంత తేలిగ్గా కరగదు, దాంట్లో పనికొచ్చే కాల్షియం, మెగ్నీషియం తక్కువ. మా దగ్గర క్రషర్లకు కొదవ లేదు. దుమ్ము పడి ఆకులు తెల్లబడ్డ చేలు చూసినవాళ్లం. రేపు సబ్సిడీ రాగానే "ఇది కూడా రాతి పొడే" అని క్రషర్ దుమ్ము పొలంలో కుమ్మరించి పోతే? ఫ్యాక్టరీ బూడిదో బురదో కలిపితే? చల్లిన పొడిని ఎవడు ఏరి తీస్తాడు? మట్టిలో పడ్డది మనవళ్ల దాకా ఉంటుంది.

రెండోది బయోచార్. పత్తి కట్టె, కంప చెట్టు లాంటివి గాలి తగలకుండా కాల్చి బొగ్గు చేసి మట్టిలో కలపడం. ఆ బొగ్గులో కార్బన్ చాలా కాలం నిలుస్తుంది, ఎర్ర చెలకల్లో తేమ కూడా నిలబెడుతుంది. 2025 జనవరిలో గూగుల్ మన దేశంలోని వరాహ సంస్థ నుంచి 2030 లోపు లక్ష టన్నుల బయోచార్ క్రెడిట్లు కొంటానని ఒప్పందం చేసుకుంది. ఇన్నాళ్లు పత్తి కట్టె కాలిస్తే కాలుష్యం చేస్తున్నారని మనల్ని తిట్టారు. ఇప్పుడు అదే కట్టెకు డాలర్ల ధర ఉంది. ఆ ధరలో కట్టె మోసినవాడికి ఎంత?

మన రాష్ట్రాల్లో ఇలాంటి అనుభవాలు ఉన్నాయి. 2005 ప్రాంతంలో జట్రోఫా వేయండి, డీజిల్ కాస్తుంది అన్నారు. వేసినవాళ్లు తర్వాత పీకేశారు. కొనేవాడు రాలేదు. అరకులో 2010 నుంచి గిరిజన రైతులు ఆరు వేల హెక్టార్లలో పండ్ల చెట్లు, కాఫీ పెంచారు. వాళ్లకు పండు, కాఫీ మిగిలాయి, అది మంచిదే. కార్బన్ క్రెడిట్లు పెట్టుబడి పెట్టిన యూరప్ కంపెనీలకు పోతాయి. రెండింటిలోనూ ఒప్పందం ముందు చదువుకోవాలన్న పాఠమే ఉంది.

అన్నిటికంటే పెద్ద ప్రశ్న కౌలు రైతు. 2018లో రైతు బంధు మొదలైనప్పుడు డబ్బు పాసుబుక్కు ఉన్నవాడి ఖాతాకే పోయింది, దున్నినవాడికి కాదు. 2011లో చేసిన భూ అధీకృత సాగుదారుల చట్టం కాగితం మీదే ఉంది. మా చుట్టుపక్కల సగం పొలాల యజమానులు నగరంలో ఉన్నారు. కార్బన్ ఒప్పందం కూడా పాసుబుక్కు మీదే రాస్తే పొడి చల్లేది, కట్టె మోసేది, దుమ్ము పీల్చేది కౌలుదారు, డబ్బు అందుకునేది ఊరికి రాని యజమాని.

మన డిమాండ్లు

సంఘం ముందు ఈ ఆరు పెడుతున్నాను. చర్చించి, తప్పులుంటే దిద్దండి.

ఒకటి. 20 వేల కోట్లలో ఏ కంపెనీకి ఎంత, ఎన్ని టన్నులకు, ఎన్నేళ్లు దాచడానికి అన్నది ఊరివాడు కూడా చూసేలా బయట పెట్టాలి. పట్టి వాడుకుని మళ్లీ వదిలేదానికి తొలగింపు పేరుతో డబ్బు ఇవ్వొద్దు. మామూలుగా పొగ తగ్గించగలిగినవాడు ముందు తగ్గించాలి. తగ్గించే దారి లేని చోటే సర్కారు సొమ్ము.

రెండు. గొట్టాలకు, దాచే బావులకు 2013 భూసేకరణ చట్టం ప్రకారం సమ్మతి, పరిహారం ఉండాలి. గ్రామసభ వద్దంటే వద్దు. 1962 నాటి పది శాతం మాకొద్దు.

మూడు. దాచిన వాయువు బయటికి వస్తే బాధ్యత ఎవరిదో ముందే రాయాలి. కంపెనీ మూతపడినా నష్టపరిహారం దొరికేలా డబ్బు ముందే డిపాజిట్ చేయించాలి.

నాలుగు. పొలంలో చల్లే ఏ పొడికైనా, బొగ్గుకైనా ప్రతి లోడుకు పరీక్ష ఉండాలి. జయశంకర్ వర్సిటీ, క్రీడా లాంటి సర్కారు సంస్థలు మన నేలల్లో, మన పంటల మీద పరీక్షించి చెప్పాలి. అమ్మేవాడి ల్యాబు మాట చెల్లదు.

అయిదు. ఒప్పందం తెలుగులో, టన్ను అమ్మిన ధర, రైతు వాటా రెండూ అంకెల్లో. సాగు చేసేవాడి పేరు దాంట్లో ఉండాలి. ఇష్టం లేకపోతే బయటికి వచ్చే దారి ఉండాలి.

ఆరు. మట్టిలో కార్బన్ పెంచే పని మనం ఎప్పటి నుంచో చేస్తున్నాం. పెంట ఎరువు, పచ్చిరొట్ట, చెరువు మట్టి. మిషన్ కాకతీయలో ట్రాక్టర్ కిరాయి మనమే పెట్టుకుని పూడిక మట్టి తోలుకున్నాం. ఫ్యాక్టరీ పొగకు వేల కోట్లు ఉన్నప్పుడు, ఎకరానికి రెండు ట్రిప్పుల పెంటకు సాయం లేదంటే ఎట్ల?

ఈసారి మండల మీటింగుకు వచ్చేటప్పుడు ప్రతి గ్రామ శాఖ ఒక పని చేసి రావాలి. మీ ఊరికి కార్బన్ పేరుతో, రాతి పొడి పేరుతో, క్రెడిట్ పేరుతో ఎవరైనా వచ్చారా, సంతకాలు తీసుకున్నారా అని అడిగి రాసుకు రండి. తీసుకుని ఉంటే ఆ కాగితం నకలు తెండి. సంతకం పెట్టకముందే ఆగి చదువుదాం. జీడిమెట్లలో మేము చదవలేదు, అందుకే నలభై ఏళ్లుగా బావుల్లో నీళ్ల రంగు చూస్తున్నాం.